వెనక నిలబడే మనిషి

జనవరి 11

ఆస్పత్రి నించి ఇంటికొచ్చి చూసి పోయే నర్సమ్మ ఈరోజు చూసేసింది.

మా ఆవిడను మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మారుస్తున్నాను. పక్షవాతం వచ్చినప్పట్నించి ఇది నా పని. కుడి చెయ్యీ కుడి కాలూ పోయాయి. ఎడమ పక్క ఉంది. నోరు ఉంది. గొంతు మటుకు సన్నబడింది, గది దాటదు. సగం లేపాను. నా మోకాళ్ళు వణికాయి. మళ్ళీ మంచం మీద పడేశాను. దించలేదు. పడేశాను. ఆవిడ ఏమీ అనలేదు. అదే భయం వేసింది. ఆవిడ ఏమీ అనకపోవడం.

నర్సమ్మ నాతో చెప్పలేదు, మా అమ్మాయితో చెప్పింది. ఈయన కాళ్ళతో ఇది కుదరదమ్మా, రేపో మాపో ఇద్దరూ కింద పడతారు, ఇలాంటివాళ్ళని చూసుకునే హోమ్‌లో మార్చి నెలలో కొత్త వార్డు తెరుస్తున్నారు, పేరు రాయిస్తాను అంది. అమ్మాయి తల ఊపింది. మా ఆవిడ ఊరుకోలేదు. నేనేమన్నా విరిగిన బల్లనా, తీసుకెళ్ళి వార్డులో పడేసి రావడానికి అంది.

కాళ్ళకి బలం వస్తే అన్నాను నేను. ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను గోడకేసి చూశాను.

నర్సమ్మది మంచి మనసే. సరే తాతా అంది. వార్డు తెరిచే ముందు వస్తాను, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి, నువ్వొక్కడివే మార్చి చూపించు, పగలంతా ఇంట్లో నువ్వొక్కడివేగా, చూపిస్తే ఇంట్లోనే ఉంచమని నేనే రాస్తాను అంది. లేకపోతే లేదు.

జనవరి 12

ఆ హోమ్ ఊరికి ఆ చివర. ఆదివారం మధ్యాహ్నం మాత్రమే చూడనిస్తారట.

నేను టైలర్ని. ముందు గదే షాపు. వచ్చిన వాళ్ళతో ఆవిడే మాట్లాడేది. నేను కొలత తీసేవాడిని. ఈయనకి నోరు లేదు గానీ చెయ్యి ఉందిలెండి అని నవ్వించేది. పెళ్ళయినప్పట్నించి నా మాటలు కూడా ఆవిడే మాట్లాడింది. ఇప్పుడు ఆవిడను తీసుకెళితే నా మాటలు కూడా పట్టుకెళ్ళినట్టే. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి తెచ్చుకోవాలా.

జనవరి 14

జిమ్‌కి వెళ్ళాను.

మా ఎదురుగానే, వీధికి అవతల. కింద టైర్ల షాపు, పైన జిమ్. మా ఆవిడ మంచం కిటికీ పక్కనే. ఆవిడకి ఏదైనా కావాలంటే ఎడమ చేత్తో లైటు వేసి ఆర్పమన్నాను. పగటి పూట లైటు వెలిగితే నేను పరిగెత్తుకు రావాలి. పరిగెత్తే కాళ్ళే ఉంటే జిమ్మెందుకయ్యా అంది.

జిమ్ నడిపేది ఒకావిడ. ఒకప్పుడు పోటీల్లో బరువులెత్తిందట. అందరూ కోచమ్మ అంటారు. ఏం కావాలి పెద్దాయనా అంది.  కిటికీలోంచి మా ఇంటివైపు చూపించాను. కోచమ్మే అడిగి అడిగి లాగింది, చిక్కుపడిన దారం లాగినట్టు.

రెండు దారులు అంది. ఒకటి మిషన్లు. లెగ్ ప్రెస్‌లో వెనక్కి వాలి కూర్చుని పలకను కాళ్ళతో తొయ్యాలి. బరువు పట్టాల మీద పోతుంది, పక్కకి ఒరగదు, భయం లేదు. రెండోది విడి బరువులు. డంబెల్, రాడ్డు, ఇసక బస్తా. బరువు నీ చేతిలో ఉంటుంది, ఎటు పోతుందో నువ్వే చూసుకోవాలి. చేసేటప్పుడు వెనక ఒక మనిషి నిలబడాలి, పడిపోతే పట్టుకోవడానికి. నీ పనికి రెండోది కావాలి, మిషన్ కూడా తోడుగా చేద్దాం, కానీ రెండోది తప్పదు అంది.

మిషన్ చాలు అన్నాను.

ఎందుకు అంది. వెళ్ళి మిషన్ ఎక్కాను. లెగ్ ప్రెస్ గోడకేసి ఉంది. ఎక్కితే ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఎవర్నీ నా వెనక నిలబడమని అడగక్కర్లేదు.

ఫీజు బదులు చిరిగిన బెంచీల రెక్సిన్ కుట్టమంది. అది బాగుంది.

జనవరి 15

కాళ్ళు నావి కావు. మెట్లు కూర్చుని దిగాను.

జనవరి 22

మిషన్ అంటే నాకు మొదట్నించీ నమ్మకం. నా కుట్టు మిషన్ కాలితో తొక్కేదే. తొక్కితే కుడుతుంది, ఆపితే ఆగుతుంది, అలగదు. లెగ్ ప్రెస్ కూడా అంతే. తోస్తే పోతుంది, వదిలితే వస్తుంది. పక్కన పలకల దొంతర. ఏ పలక దగ్గర పిన్ను గుచ్చితే అంత బరువు. పైపలక దగ్గర మొదలుపెట్టాను. ఈరోజు కిందికి దింపాను.

ఆవిడ కిటికీలోంచి చూస్తోందట. ఇంటికి రాగానే మొదలుపెట్టింది. వెల్లకిలా పడ్డ పేడపురుగులా కాళ్ళు తన్నుకుంటున్నావేంటయ్యా అంది. చాలాసేపు నవ్వింది. మూతి ఒక పక్కకే నవ్వింది. నేనూ నవ్వాను.

నా కాలుంటే నేనే వచ్చి తిరగేసి నిలబెట్టేదాన్ని అంది తర్వాత. ఆ మాటకి ఇద్దరం నవ్వలేదు.

జనవరి 30

టేపు తీశాను. బలం వస్తోందో లేదో కంటికి కనపడదు. టేపు అబద్ధం చెప్పదు. మోకాలి పైన బెత్తెడు వదిలి కొలుస్తున్నాను. అక్కడ సుద్దతో గీత పెట్టుకున్నాను, రోజూ అదే చోట కొలవాలిగా.

పెరిగింది.

నా కాలు పెరిగింది. లోపల కండ పడుతోంది. జీవితంలో ఎందరి కాళ్ళో కొలిచాను, నా కాలు కొలుచుకోవడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 6

పిన్ను ఇంకా కింద. టేపు ఇంకా పెరిగింది. మోకాలు కొంచెం బిర్రుగా ఉంటోంది. కండ పడేటప్పుడు అంతే కాబోలు.

కోచమ్మ మళ్ళీ వచ్చింది. ఇక దిగు పెద్దాయనా, ఒక్కసారి డంబెల్ పట్టుకుని ఈ బెంచీ మీంచి లేచి చూపించు, నేను వెనక ఉంటాను అంది. కుదరదన్నాను. పిన్ను చూపించాను. అది చూసి ఆవిడ మెచ్చుకోలేదు. పట్టాల మీద బండిని పిల్లలు కూడా తోస్తారు, పట్టాలు తీసేస్తే తెలుస్తుంది అంది.

నాకు కోపం వచ్చింది. 

ఆవిడకేం తెలుసు. నేను కొలతలు తీసేవాడిని. జనం వెనక నిలబడేది నేను. భుజాలు కొలిచినా వీపు కొలిచినా వెనకే. మనిషి వీపు చూస్తే నాకు భయం ఉండదు. నా వీపు ఒకరికి ఇవ్వడం నాకు చేత కాదు.

ఫిబ్రవరి 9

పిన్ను పెద్ద బరువు దగ్గరికి దిగింది. జిమ్‌లో ఎవరో ఆగి చూశారు. గోడకేసి నవ్వుకున్నాను. ఈ నెల్లోనే నర్సమ్మకి కబురు పెట్టొచ్చు. మార్చి దాకా ఎందుకు.

ఫిబ్రవరి 12, సాయంత్రం

పడిపోయాం.

మధ్యాహ్నం. ఆవిడ బాత్రూముకి వెళ్ళాలంది. ఇంత బలం వచ్చింది కదా అని నిబ్బరంగా పట్టుకున్నాను. లేపాను. నిజంగానే లేచింది. లేపడం దాకా బాగానే ఉంది. కుర్చీవైపు తిరగబోతే ఆవిడ కుడి పక్క జారింది. బస్తాలో గింజలు ఒక మూలకి ఒరిగినట్టు ఆవిడ ఒళ్ళంతా అటు ఒరిగింది. నా కాళ్ళు ముందుకి తొయ్యడమే నేర్చుకున్నాయి. పక్కకి ఏం చెయ్యాలో వాటికి తెలియదు. మోకాలు మడత పడింది.

కింద నేను, మీద ఆవిడ. అందుకే ఆవిడకి దెబ్బ తగల్లేదు.

అరువు, పైయింటి వాళ్ళు వస్తారు అంది. ఆవిడ గొంతు గది దాటదు. నేనే అరవాలి. నోరు తెరిచాను. రాలేదు. ఎవరిని పిలవాలి, ఏమని పిలవాలి, వచ్చి చూస్తే ఆవిడ చీర అలా ఉంది, నేను అలా ఉన్నాను. రాలేదు. అరువయ్యా అంది. గడ్డం పట్టుకుని బతిమాలింది. పైయింట్లో ఉండే బస్సు డ్రైవరు నడుస్తున్న అడుగులు వినపడుతున్నాయి. టీవీ వినపడుతోంది. పిలిస్తే వస్తాడు. మంచివాడు.

పిలవలేదు.

ఆవిడ అక్కడే తడుపుకుంది.  మొహం నా భుజంలో పెట్టుకుంది. కిటికీ వెలుతురు నేల మీంచి గోడ మీదికి ఎక్కింది. అలాగే పడి ఉన్నాం. పని దిగి అమ్మాయి వచ్చేదాకా.

ఫిబ్రవరి 13

అమ్మాయి హోమ్‌కి ఫోన్ చేసింది.

ఫిబ్రవరి 14

అమ్మాయిది తప్పని అనను. ప్యాకింగ్ లైన్లో పగలంతా నిలబడి, రెండు బస్సులు మారి వస్తుంది. మొన్న నేల తుడిచింది, అమ్మను తుడిచింది, నన్ను లేపింది. నాన్నా, పిలవడానికేం అని అడిగింది. నువ్వు కూడా పడితే ఇద్దర్ని ఎలా మోసేది నేను అంది. గిన్నె కడుగుతూ అంది, అందుకని మొహం కనపడలేదు. భుజాలు కనపడ్డాయి. భుజాలు చూస్తే నాకు తెలుస్తుంది.

నర్సమ్మ వచ్చి చూస్తానన్న రోజు మటుకు అలాగే ఉంచమన్నాను. నీ ఇష్టం నాన్నా, పెట్టె మాత్రం సర్దేస్తాను అంది.

ఫిబ్రవరి 15

మోకాలు గుమ్మడికాయలా అయింది. కుంటుకుంటూ జిమ్ మెట్లెక్కాను. మానేస్తానని చెబుదామని.

కోచమ్మ పంచె పైకి తియ్యమంది. సుద్ద గీత చూసి ఇదేంటంది. చెప్పాను. టేపు సంగతి కూడా చెప్పాను. ఆవిడ మోకాలికి ఒక పక్క నొక్కింది. రెండో పక్క ఉబికింది. బిగించమంది. బిగించాను. కండ అయితే గట్టిపడాలి పెద్దాయనా, ఇది మెత్తగానే ఉంది, ఇది నీరు అంది. ఎక్కువ బరువు పెట్టి పెట్టి మోకాలు నీరు పట్టింది. నువ్వు కొలుచుకుంది వాపుని.

టేపు అబద్ధం చెప్పలేదు. నేనే వాపుని చూసి బలుపు అనుకున్నాను. సామెత తెలిసి కూడా.

బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆ బెంచీ రెక్సిన్ నేను కుట్టిందే. కుట్టు వంకర లేదు. అది ఒక్కటే వంకర లేనిది.

కోచమ్మ తిట్టలేదు. మిషన్ పాపం ఏమీ లేదు, తోసే బలం ఇచ్చింది, లేపావు కదా అంది. కానీ పడకుండా చూసుకునే పని పట్టాలు చేశాయి, నీ కాళ్ళు చెయ్యలేదు. మీ ఆవిడకి పట్టాలున్నాయా అంది.

లేవు అన్నాను.

అయితే వాపు తగ్గాక రా అంది. తగ్గేలోపు రోజులు పోతాయి కదా అన్నాను. పోతాయి అంది.

ఫిబ్రవరి 19

ఐసు. కాలు దిండు మీద. ఆవిడ మంచం మీద, నేను చాప మీద. రెండు విరిగిన కుర్చీలు ఎదురెదురుగా అంది.

ఫిబ్రవరి 21

హోమ్‌లో బట్టలన్నీ కలిపి ఉతుకుతారట. కలిసిపోకుండా ప్రతి బట్ట మీదా పేరు కుట్టి పంపాలట. అమ్మాయి చీరలూ జాకెట్లూ నా మిషన్ మీద పెట్టి వెళ్ళింది. నేను కాక ఎవరు కుడతారు.

కుట్టాను. బాగున్న కాలితో తొక్కాను. ఇంట్లో ఆవిడను ఏమే, ఇదిగో అనే పిలిచాను ఇన్నాళ్ళూ. పేరు పెట్టి పిలవలేదు. సిగ్గు. ఇప్పుడు ఎర్ర దారంతో అదే పేరు, మళ్ళీ మళ్ళీ, ప్రతి జాకెట్ మెడ వెనకా.

అక్షరాలు బాగా వచ్చాయా అని అడిగింది. చూపించాను. నీ చేతిలో నా పేరు బాగుందయ్యా, ముందే పిలిచి ఉండాల్సింది అంది.

అవతలికి పోయి సూదిలో దారం ఎక్కించాను. ఎక్కలేదు. కళ్ళు కనపడలేదు.

ఫిబ్రవరి 25

వాపు తీసింది. కోచమ్మ బెంచీ దగ్గరికి రమ్మంది. చిన్న డంబెల్. రెండు చేతులా గుండెకి ఆనించి పట్టుకుని కూర్చోమంది. లేవమంది. అంతే. దాన్ని చూసి నవ్వొచ్చింది. అంత పెద్ద బరువు తోసినవాడిని.

లేవబోతే అటు తూలాను, ఇటు తూలాను. అరికాళ్ళు నేలని వెతుక్కున్నాయి.

కోచమ్మ వెనకకి వచ్చింది. వీపు బిగుసుకుపోయింది. నేను ముట్టుకోను పెద్దాయనా, ఉంటాను, అంతే అంది. వెనకనించి ఊపిరి వినపడింది. మనిషి ఊపిరి.

లేచాను. తూలలేదు.

ఇంకోసారి అంది. ఆవిడ నిజంగానే ముట్టుకోలేదు. ఏం చేసిందని నేను లేచానో తెలియదు.

మార్చి 2

ఇసక బస్తా ఇచ్చింది. పొడుగ్గా, మెత్తగా, ఎటు పడితే అటు ఒరుగుతుంది. రెండు చేతులా వాటేసుకుని బెంచీ మీంచి లేపాలి, అడుగులు మార్చి తిరగాలి, పక్క బెంచీ మీద దించాలి. నడుము వంచకు, కూర్చుని లే, బస్తాని ఒంటికి అతికించుకో అంటుంది. పక్కకి ఒరిగినప్పుడు దానితో పోట్లాడకు, దాని కిందికి నీ కాలు జరుపు అంటుంది. ఎన్నిసార్లు జారిందో. ఒకసారి నేనూ పడ్డాను. వెనక కోచమ్మ పట్టుకుంది.

ఇంట్లో ఆవిడ మొహం తిప్పుకుని ఉంది. ఏమైందన్నాను. ఎవతయ్యా అది అంది. కిటికీలోంచి అంతా చూస్తున్నాను, గోనెపట్టు చీర కట్టుకుంది, నన్నెప్పుడైనా అలా వాటేసుకున్నావా అంది.

అప్పట్నించి బస్తా పేరు సవతి. సవతి దగ్గరికి పోయొచ్చావా అని అడుగుతోంది రోజూ.

మార్చి 7

సవతి లేస్తోంది. ఆవిడ లేవడం లేదు.

జిమ్‌లో తిరుగుతాను, దించుతాను, అన్నీ వస్తాయి. ఇంటికొచ్చి ఆవిడను పట్టుకుంటాను. మంచం అంచు దాకా తెస్తాను. లేపేముందు ఆగిపోతాను. ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది. నేల గుర్తొస్తుంది.

కోచమ్మకి చెప్పాను. ఇంట్లో వెనక ఎవరున్నారు అంది. ఎవరూ లేరన్నాను. మరి పెట్టుకో అంది. నేను జిమ్ వదిలి రాలేను, మీ పైయింట్లో బస్సు డ్రైవరున్నాడుగా, మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంట్లోనే ఉంటాడుగా అంది.

కోచమ్మకి సులువే.

మార్చి 8

మెట్లెక్కాను. డ్రైవరు తలుపు దాకా వెళ్ళాను. చెయ్యి ఎత్తాను. దిగొచ్చేశాను.

మార్చి 9

మళ్ళీ అంతే. ఈసారి లోపల్నించి ఎవరక్కడ అన్నాడు. పిల్లిలా దిగొచ్చాను. ఛీ.

మార్చి 10

నర్సమ్మ ఫోన్ చేసింది. పద్దెనిమిదో తారీఖు పొద్దున్నే వస్తుందట. వార్డు ఇరవైన తెరుస్తారు. అమ్మాయి పెట్టె తలుపు పక్కన పెట్టింది. రోజూ నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా కాలికి తగులుతోంది.

ఆవిడ కిటికీకేసి చూస్తూ, ఆ హోమ్‌లో కిటికీ పక్కన మంచం ఇస్తారంటావా అంది. మొదటిసారి అలా అడగడం. ఒప్పేసుకున్నట్టు.



మార్చి 11

అడిగాను.

డ్రైవరే కిందికి వచ్చాడు. యూనిఫాం ప్యాంటు వదులైందట, నడుము పట్టించమని. తిరిగి నిలబడమన్నాను. టేపు వేశాను. అతని వీపు నా ఎదురుగా ఉంది. ఖాకీ చొక్కా, చెమట పట్టిన గీత. మొహం కనపడదు. నా మొహం అతనికి కనపడదు. టేపు పట్టుకునే, అతని నడుముతో చెప్పాను. అంతా చెప్పాను. పడిపోయిన సంగతి కూడా. నీ అడుగులు వినపడ్డాయి, పిలవలేకపోయాను అని కూడా.

డ్రైవరు కదల్లేదు. కొలత ఇచ్చే మనిషి కదలకూడదుగా. కాసేపటికి అన్నాడు, ఓస్ ఇంతేనా బాబాయ్, నా తలుపు దగ్గర రెండు రోజుల్నించి తచ్చాడుతుంటే మా ఆవిడ దొంగేమో అనుకుని చీపురు పట్టుకు కూచుంది. ఆ తర్వాత గొంతు మారింది. ఆరోజు నేను పైన మ్యాచ్ చూస్తున్నా బాబాయ్ అన్నాడు.

నడుము కొలత మర్చిపోయాను. మళ్ళీ తీశాను.

మార్చి 13

డ్రైవరు వచ్చాడు. బస్సు సీటు బెల్టు పాతది ఒకటి తెచ్చాడు. దానితో ఆవిడ నడుముకి పట్టీ కుట్టాను, రెండు పక్కలా చేతిపిడులు పెట్టి. ఇప్పుడు పట్టుకోవడానికి చీర కాదు, పిడి ఉంది. టికెట్ తీసుకోకుండా నన్ను బస్సెక్కిస్తున్నారు అంది.

ఆవిడ ఎడమ చెయ్యి నా మెడ చుట్టూ. గడ్డం నా భుజం మీద. నా వెనక ఏముందో నాకు కనపడదు, ఆవిడకే కనపడుతుంది. ఉన్నాడా అన్నాను. ఉన్నాడు, కొంగలా నిలబడ్డాడు, లే అంది. లేపాను. ఒరిగింది. కాలు జరిపాను. ఎడమ కాలు తన్నిపెట్టమన్నాను, తన్నిపెట్టింది. తిరిగాం. కూర్చుంది.

డ్రైవరు ముట్టుకోలేదు. చప్పట్లు కొట్టాడు. పిన్నీ, ఫస్ట్ గేర్ పడింది అన్నాడు.

మార్చి 14

రెండోసారి పడలేదు గానీ మధ్యలో ఆగిపోయాను. డ్రైవరు పట్టుకున్నాడు. అతను లేకపోతే నేలే.

మార్చి 16

అతను ఉంటే లేస్తుంది. అతను నీళ్ళు తాగడానికి అటు వెళితే లేవదు. ప్రయత్నించాను. మంచం అంచున నిలబడిపోయాను. ఇదేం కాళ్ళు. ఇదేం బలం.

నర్సమ్మని అడిగాను, వెనక మనిషి నిలబడొచ్చా అని. ఫోన్‌లో అడిగాను. నిలబడొచ్చు తాతా, ముట్టుకుంటే మాత్రం లెక్కలోకి రాదు అంది. కానీ తర్వాత రోజూ ఎవరు నిలబడతారు అంది. ఫోన్ పెట్టేశాను. డ్రైవరు డ్యూటీలో ఉన్నప్పుడు ఎవరు.

మార్చి 18, పొద్దున్న ఆరు

నిద్ర లేదు. ఆవిడకి పట్టీ కట్టాను. పేరు కుట్టిన జాకెట్టే వేసుకుంది, మిగతావి పెట్టెలో ఉన్నాయి. డ్రైవరు మొదటి ట్రిప్పు దించి తొమ్మిదికల్లా వస్తానన్నాడు. నర్సమ్మ కూడా తొమ్మిదికే.

మార్చి 18, మధ్యాహ్నం

రాసుకోవాలి. 

నర్సమ్మ వచ్చింది. అమ్మాయి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది, గోడకి ఆనుకుని నిలబడింది, పెట్టె పక్కనే. డ్రైవరు రాలేదు. ఆగుదామన్నాను. నర్సమ్మ ఆగింది. వాచీ చూసుకుంది. ఇంకా ఇళ్ళున్నాయి తాతా అంది. బస్సు ఎక్కడో ఆగిపోయి ఉంటుంది అన్నాను. ఇంకొంచెం అన్నాను.  అమ్మాయి, పోనీ వదిలెయ్ నాన్నా అంది. మెల్లగా అంది.

ఆవిడ నన్ను దగ్గరికి రమ్మంది. చెయ్యి మెడ చుట్టూ వేసింది. గడ్డం భుజం మీద పెట్టింది. వీధి తలుపు నా వెనక ఉంది. రాలేదు కదే అన్నాను. ఆవిడ తల ఎత్తి చూసింది. అదిగో, ఎంతసేపయ్యా నీ కోసం అని ఎవరితోనో అంది. నా చెవిలో అంది, వచ్చాడు, ఒగరుస్తున్నాడు, ఖాకీ చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు, వెనకే ఉన్నాడు, లే.

లేచాను.

ఆవిడ ఒళ్ళు కుడికి ఒరిగింది. కాలు జరిపాను. పోట్లాడలేదు. ఎడమ కాలితో తన్నింది. తిరిగాం. కుర్చీలో కూర్చుంది. కాసేపు ఆగి, మళ్ళీ మంచం మీదికి. అన్నాడా ఏమన్నా అని అడిగాను మధ్యలో. కళ్ళతోనే నవ్వుతున్నాడు, నోరు మూసుకుని పని చూడు అంది. దించాను. పడెయ్యలేదు. దించాను.

అప్పుడు తిరిగి చూశాను. థాంక్స్ చెబుదామని నోరు కూడా తెరిచాను.

తలుపు తెరిచి ఉంది. వీధి కనపడుతోంది. ఎవరూ లేరు.

నర్సమ్మ తలవంచుకుని రాస్తోంది. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది, కళ్ళు వర్షిస్తున్నాయి. నా వెనక ఎవరూ లేరని వాళ్ళిద్దరికీ మొదట్నించీ తెలుసు. ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు దిండు సర్దుకుంటోంది.

ఇంట్లోనే ఉంచమని రాసింది నర్సమ్మ. నెలకోసారి వచ్చి చూస్తానంది. అమ్మాయి పెట్టె తలుపు దగ్గర్నించి తీసి మంచం కిందికి తోసింది.

డ్రైవరు పదిన్నరకి వచ్చాడు. టైరు పంక్చరట. చొక్కా గుండీలన్నీ పెట్టుకునే ఉన్నాడు.

మార్చి 19

డ్రైవరు డ్యూటీకి వెళ్ళాడు. తలుపు నేనే గడియ పెట్టాను. ఆవిడ చూస్తూనే ఉంది.

పట్టుకున్నాను. పేరు పెట్టి పిలిచాను. ఉన్నాడా అన్నాను.

ఉన్నాడు అంది. లేచాను.